పసుపు రాసిన ఏడో నంబరు

నేను ఒక గోల్ఫు కర్రని. కర్ర అన్నారు కదా అని నాలో ఎక్కడైనా చెక్క ఉందేమోనని వెతక్కండి. తల ఇనుము, ఒళ్ళు ఉక్కు, పట్టుకునే చోట నల్ల రబ్బరు. అయినా విశాఖపట్నంలో అడుగుపెట్టిన రోజు నుంచి అందరూ నన్ను కర్ర అనే పిలుస్తున్నారు. పిలిస్తే పిలవనీండి. నా అసలు పేరు ఏడో నంబరు ఐరన్. మా సంచీలో బంతిని అల్లంత దూరానికి తోలే పొడుగు కర్రలు ఉంటాయి, ఇసకలోంచి పైకి లేపే పొట్టి కర్రలు ఉంటాయి. నేను మధ్యవాణ్ణి. ఇంట్లో నడిపి కొడుకులాగ నాకు గారాబం లేదు, కానీ నేను లేకపోతే ఎవరికీ పూట గడవదు.

పుట్టింది సముద్రాల అవతల, ఒక పెద్ద కార్ఖానాలో. ఎర్రగా కాల్చి, సమ్మెట కింద పెట్టి చితక్కొట్టి, చల్లార్చి, ముఖం మీద అడ్డంగా సన్నని గాళ్ళు గీశారు. తలని కాస్త వెనక్కి వాల్చారు. ఆ వాలు వల్లే బంతి గాల్లోకి లేస్తుంది. మనిషి పనిగట్టుకుని లేపక్కర్లేదు. ఈ ఒక్క ముక్క ఒంటబట్టక, బంతిని చేటలో బియ్యం ఎగరేసినట్టు కిందనుంచి ఎగరెయ్యబోయి నా మూతి నేలకేసి కొట్టినవాళ్ళు ఎందరో. లోపం ఎక్కడుందో నాకు తెలుసు. ఎందుకంటే బంతికి దెబ్బ తగిలే ఆ రెప్పపాటులో అక్కడ నిజంగా ఉండేది నేనొక్కణ్ణే. కొట్టే మనిషి ధ్యాస అప్పటికే బంతి పడాల్సిన గుంత దగ్గరికి వెళ్ళిపోయి ఉంటుంది.

నన్ను మొదట కొనుక్కున్నది దివాకర పట్నాయక్ అనే షిప్పింగు ఏజెంటు. మనిషి మంచివాడే. పట్టే మంచిది కాదు. చెట్టుకి పాదు తవ్వడానికి గునపం పట్టుకున్నట్టు పట్టుకునేవారు. వేళ్ళ కణుపులు తెల్లబడేవి, మణికట్టు కొయ్యబారేది, నా మెడ విరుగుతుందేమోనని నాకే భయం వేసేది. అంత బిగిస్తే నా తల తిరగాల్సిన సమయానికి తిరగదు, బంతి కుడివైపుకి వంకరపోతుంది. పోయిన ప్రతిసారీ ఆయన నన్ను పైకెత్తి, నా ముఖంలోకి చూసి, "దీని వాటమే బాగాలేదయ్యా" అనేవారు. ఆడలేక మద్దెల ఓడన్నారట.

మా మైదానం చివర ఒక గెడ్డ ఉంది. కొండలవైపు నుంచి దిగి, ఆఖరి గుంతకి ముందు అడ్డంగా పారి, సరుగుడు తోట పక్కనుంచి వెళ్ళి సముద్రంలో పడుతుంది. ఆ గెడ్డ దాటించి కొట్టాలి. ఒక వానాకాలం ఉదయం పట్నాయక్ గారి బంతి గెడ్డలో పడింది. ఇంకో బంతి పెట్టారు, అదీ పడింది. మూడోసారి నన్నే విసిరారు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, నన్ను విసిరినప్పుడు కదిలినంత వదులుగా ఆయన చేతులు ఎన్నడూ కదల్లేదు. గాల్లో ఎంత హాయిగా తిరిగానో! అలాగే బంతినీ కొట్టి ఉంటే గెడ్డ దాటి పచ్చిక మధ్యలో పడేది.

బురదలో పీతలతో కాపురం చేశాను. ఎండలకి గెడ్డ ఇంకిపోయాక గడ్డి కోసేవాళ్ళు నన్ను పీకి క్లబ్బులో పాత సామాన్ల గదిలో పడేశారు. అక్కడినుంచి నన్ను పైకి తీసినవారు పేరి సోమయాజులు గారు, విశ్రాంత జడ్జి. ఆయన పట్టు చక్కనిదే, పురిటి బిడ్డ మెడ కింద చెయ్యి పెట్టినంత సుకుమారం. ఆయన రోగం వేరు. అందరి వాదనలూ వినడం ఆయనకి వృత్తిధర్మం. ఒకరు మోచెయ్యి వంచొద్దన్నారు, ఒకరు మోకాళ్ళు వంచమన్నారు. నడుము తిప్పమని ఒకరు, నడుము కదిలిస్తే కొంప మునిగిందని ఇంకొకరు. ఆయన అన్నీ మనసులో పెట్టుకుని బంతి ముందు నిలబడి తీర్పు వాయిదా వేసేవారు. వెనక వచ్చే జట్టువాళ్ళు కూర్చుని పల్లీలు తినేవారు. ఆయన నన్ను ఎత్తనైనా ఎత్తేవారు కాదు.

మా క్లబ్బులో ఎన్ని మాటలున్నా అందరూ ఒప్పుకునే మాట ఒకటుంది. లంకణం పరమౌషధం అన్నట్టు, ఏ తప్పుకైనా అక్కడ ఒకటే మందు: "తల ఎత్తేశావు." బంతి కుడికి పోయినా, ఎడమకి పోయినా, కదలకపోయినా, తల ఎత్తినందుకే. చెప్పేవాడికి ఖర్చు లేదు, వినేవాడికి ఎదురు చెప్పే వీల్లేదు. తల ఎత్తాడో లేదో తన తలని తాను చూసుకోలేడు కదా పాపం.

జడ్జి గారు చివరికి తన ఆటని తానే కొట్టేసి, క్యారమ్స్‌లోకి మారిపోయి, నన్ను స్నేహితుడి చేతిలో పెట్టారు. ఆ స్నేహితుడు గొర్లె సన్యాసినాయుడు గారు. నా బతుకులో బాగున్న భాగం ఇక్కడ మొదలవుతుంది.

నాయుడు గారిది టెక్కలి వైపు. ఓడల మీద చీఫ్ ఇంజనీరుగా చేసి దిగారు. మేనమామ కూతురు ఇందుమతిని చేసుకున్నారు కాబట్టి ఆవిడ ఈ వయసులోనూ "బావా" అనే పిలుస్తారు. ఆవిడ విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో ఆటల మేడంగా చేసి రిటైరయ్యారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ ఇద్దరూ కలిసి ఒక ఎండాకాలం నిండా గడిపింది లేదు. ఆయన ఓడెక్కడానికి బయల్దేరిన ప్రతిసారీ, రైలు కదిలే ముందు ఆవిడ కిటికీ ఊచల మీద చెయ్యేసి "నువ్వెళ్ళు బావా" అనేవారట. ఇంటి సంగతి నేను చూసుకుంటానని దానికి అర్థం. చూసుకున్నారు కూడా.

ఆయన నన్ను తీసుకున్న రోజున జడ్జి గారితో అన్న మాట నా చెవిన పడింది.

"రిటైరయ్యాక ఇద్దరం ఏటి చేస్తన్నామో తెల్సా జడ్జి గారూ? టీవీ చూస్తన్నాం. ఆవిడ హాల్లో సీరియలు, నేను గదిలో వార్తలు. ఒకింట్లో ఉంటూ ఓడ మీదున్నట్టే ఉంది. ఈ కర్ర ఆవిడకి. పొడగరి మనిషి, సరిపోద్ది. ఇద్దరం కలిసి ఆడతాం."

అలా నేను ఇందుమతి గారి చేతికి వచ్చాను. అబ్బ, ఏం చేతులవి! పాతికేళ్ళ పిల్లకుండే చురుకు. పొద్దున్నే ఇద్దరూ ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వచ్చేవారు. మంచు పట్టిన పచ్చిక మీద పక్కపక్కనే అడుగులు పడేవి. చెరో మాటా చెప్పుకునేవారు, ఒకే కప్పులో కాఫీ తాగేవారు. కానీ బంతి ముందు నిలబడేసరికి కథ తిరగబడేది. బంతి ఎడమవైపు బయల్దేరి, గాల్లో మనసు మార్చుకుని, కుడికి వంగి వంగి సరుగుడు తోటలో పడేది. ప్రతిసారీ సరుగుడు తోటే. కుడికి పోతోంది కదా అని ఆవిడ ఇంకాస్త ఎడమకి తిరిగి నిలబడేవారు. అలా నిలబడిన కొద్దీ దెబ్బ మరింత అడ్డంగా పడి, బంతి మరింత కుడికి పోయేది. ఇది లోకంలో అందరూ చేసే పొరపాటే. నాకు నోరుంటే మొదటి వారమే చెప్పి ఉందును.

నోరున్న నాయుడు గారు మాత్రం ఒకటే చెప్పేవారు.

"తల ఎత్తీసావు!"

క్లబ్బులో అందరూ "ఎత్తేశావు" అంటే ఆయన టెక్కలి యాసలో "ఎత్తీసావు" అనేవారు. అంతే తేడా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇందుమతి గారు బుద్ధిమంతురాలు కాబట్టి తల దించేవారు. గడ్డం రొమ్ముకి ఆనించి, బంతి వెళ్ళిపోయాక కూడా గడ్డి వైపే చూస్తూ నిలబడేవారు. తల అలా బిగేస్తే భుజాలు ఎక్కడ తిరుగుతాయి? చేతులు మధ్యలో ఆగిపోయి బంతిని ఇంకా అడ్డంగా గీకేవి. మందే రోగమై కూర్చుంది. రెండేళ్ళు ఇలాగే సాగింది. ఆవిడ ఆఖరి గుంత దగ్గర గెడ్డని ఒక్కసారీ దాటించలేదు. బంతి నీళ్ళలో పడగానే చిన్న వంతెన మీదనుంచి నడిచి అవతల ఇంకోటి పెట్టుకునేవారు.

దసరా నవరాత్రుల్లో ఒక ఉదయం, ఇంటికి వెళ్తుండగా కారులో ఆవిడ మెల్లిగా అన్నారు. నేను డిక్కీలో ఉన్నాను, అన్నీ వినపడతాయి.

"బావా, దీపావళికి ముందు జోడీల పోటీ ఉంది కదా. పేరిచ్చీసేం కాబట్టి అందాకా వస్తాను. తరవాత మానీస్తాను."

"అదేటే?"

"ఎందరో పిల్లలకి ఆటలు నేర్పేను. నాకు నేర్చుకోడం రావట్లేదు. నీ ఆట కూడా పాడవుతోంది నా వల్ల." ఆపైన, "నువ్వెళ్ళు బావా" అన్నారు.

సిగ్నల్లో పచ్చలైటు పడినట్టుంది. నాయుడు గారు బండి కదపలేదు. వెనకాల హారన్లు మోగుతున్నా కదపలేదు. ఆ రెండు మాటలూ ఆయన ఎన్ని రైల్వే స్టేషన్లలో విన్నారో నాకు తెలుసు. అప్పుడు నౌకరీ ఉంది కాబట్టి వెళ్ళారు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళమంటుంది? నాకు గుండె లేదు గానీ, ఉన్నవాళ్ళకి అప్పుడు ఎలా ఉంటుందో తెలిసింది.

మహర్నవమి నాడు నాయుడు గారు ఆయుధపూజ చేశారు. ఓడలో ఇంజను గదిలో మలయాళీలతో, బెంగాలీలతో కలిసి చేసిన అలవాటు. ఇంట్లో ఉన్న ఆయుధాలన్నీ వరండాలో పేర్చారు: కారు తాళాలు, స్క్రూడ్రైవర్లు, కత్తిపీట, మిక్సీ, చివర్న మేము. పూజ అంటే వేలితో ఇంత బొట్టు పెడితే చాలు. ఈయన ఓడకి రంగు వేసిన మనిషాయె. పసుపు ముద్దగా కలిపి నా ముఖం నిండా గాళ్ళు కనపడకుండా మెత్తేశారు. పెళ్ళికూతుర్ని చేసినట్టు చేశారు. దశమి నాడు పండగ హడావిడిలో మమ్మల్ని ముట్టుకోలేదు. ఎండకి పసుపు గట్టిపడి పొలుసు కట్టింది.

ఏకాదశి ఉదయం మైదానంలో ఆయన నన్ను తుడవబోయారు.

"అమ్మవారి పసుపు తుడిచీస్తావేటి? ఉండనీ" అని ఇందుమతి గారు నన్ను లాక్కుని, అలాగే కొట్టారు. బంతి సరుగుడు తోటలోకి వెళ్ళింది.

"తల ఎత్తీ..."

"బావా, ఉండు. ఇలగ రా."

ఆవిడ నన్ను తిరగేసి ముఖం చూస్తున్నారు. పసుపు మీద బంతి ముద్ర స్పష్టంగా పడి ఉంది. మధ్యలో కాదు. మెడ దగ్గరికంటా జరిగి ఉంది. గుండ్రంగా కూడా లేదు. అటునుంచి ఇటు ఏటవాలుగా, గోటితో గీరినట్టు ఒక చార. తరవాత ఆవిడ కింద పచ్చిక ఎగిరిపోయిన మట్టిచార వైపు చూశారు. అది గుంత వైపు లేదు, ఎడమపక్క కొండ వైపు చూపిస్తోంది. పిల్లల బూట్ల అడుగు అరిగిన తీరు చూసి ఎవరు ఎలా పరిగెడతారో చెప్పిన కళ్ళవి. ఆ కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి.

"ఇది నా కట్ షాట్ బావా!"

బాల్ బ్యాడ్మింటన్ ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పసుపుపచ్చని ఊలు బంతి, బరువైన రాకెట్టు, జట్టుకి ఐదుగురు. ఇందుమతి గారు యూనివర్సిటీకి ఆడిన రోజుల్లో ఆవిడ కట్ కొడితే అవతలివాళ్ళు కొయ్యబారిపోయేవారట. రాకెట్టుని బయటినుంచి లోపలికి, బంతిని కోస్తున్నట్టు లాగాలి. బంతి గాల్లోనే పక్కకి జారి నేల మీద పడుతుంది. ఆ కోత కోసం ఆవిడ ఎండల్లో ఏళ్ళ తరబడి గోడకేసి కొట్టి కొట్టి చేతికి అలవాటు చేసుకున్నారు. చేతికి పట్టిన అలవాటు పట్టినట్టే ఉంది. ఇక్కడా అదే కోత కోస్తున్నారు. ఒక కోర్టులో గెలిచిన కేసు ఇంకో కోర్టులో ఓడిపోవడం జడ్జి గారికి తెలిసిన సంగతే.

"అయితే తప్పు నీది కాదన్నమాట" అన్నారు నాయుడు గారు.

"నాదే. కష్టపడి నేర్చుకున్న తప్పు" అని ఆవిడ నవ్వారు. రెండేళ్ళలో ఆ మైదానంలో ఆవిడ నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. రోగం పేరు తెలిస్తే సగం నయమైనట్టే ఉంటుంది మనుషులకి.

ఆవిడ వెంటనే ఆటల మేడం అయిపోయారు. "బావా, చెప్పు విప్పు" అన్నారు. ఆయన విప్పారు. ఆ చెప్పుని బంతికి అవతలి పక్కన, జానెడు దూరంలో పెట్టారు. కర్ర బయటినుంచి లోపలికి వస్తే ముందు చెప్పుకి తగులుతుంది. లోపలినుంచి బయటికి వస్తేనే బంతికి తగులుతుంది. మిగతా పని ఒళ్ళే నేర్చుకుంటుందని ఆవిడ లెక్క. లెక్క బాగానే ఉంది. మధ్యలో నా పరువు పోయింది. అమ్మవారి పసుపు రాసిన ముఖంతో పొద్దస్తమానం చెప్పుదెబ్బలు తిన్నాను. చెప్పు ఎగిరి ఎక్కడో పడేది, నాయుడు గారు ఒంటికాలి చెప్పుతో కుంటుకుంటూ వెళ్ళి తెచ్చేవారు. కుడి చంకలో తువ్వాలు ఇరికించుకుని, అది జారకుండా కొట్టడం ఇంకో పాఠం. చెయ్యి ఒంటికి దూరంగా పోతే తువ్వాలు పడిపోతుంది, కోత మళ్ళీ మొదలవుతుంది. రోజూ పసుపు రాయడం, కొట్టడం, ముద్ర చూడడం. ముద్ర రోజురోజుకీ మెడ వదిలి మధ్యకి జరిగింది. ఏటవాలు చార తగ్గి గుండ్రంగా బొట్టులా పడసాగింది. మట్టిచార కొండని వదిలి గుంత వైపు తిరిగింది.

అయినా బంతిలో ప్రాణం లేదు. తిన్నగానే వెళ్తోంది, కానీ గెడ్డ దాకా వెళ్ళి నీరసంగా వాలిపోతోంది. పోటీ దగ్గర పడింది. ఇందుమతి గారు అన్నీ సరిచూసుకున్నారు. పట్టు, పాదాలు, భుజాలు. ఏ లోపమూ దొరకలేదు.

దొరికింది ఒక కొబ్బరిబొండం వల్ల. ఆ ఉదయం నాయుడు గారు బొండాలు తేవడానికి గేటు దాకా వెళ్ళారు. ఆయన అటు వెళ్ళగానే ఆవిడ కొట్టిన బంతి ఒక్క ఉదుటున లేచి ఎక్కడికో వెళ్ళింది. నా ఒళ్ళంతా తియ్యగా ఝుమ్మంది. బంతి నా ముఖం నట్టనడుమ తగిలితే మాకు అలా ఉంటుంది. ఇంకోటి కొట్టారు, అదీ అంతే. ఆయన బొండాలతో తిరిగొచ్చారు. మరుసటి బంతి చచ్చిపోయింది. ఇందుమతి గారు ఇంకో బంతి పెట్టుకున్నారు. "బావా, కారు తాళం వేసేవా?" అన్నారు. ఆయన చూడ్డానికి వెళ్ళారు. బంతి మళ్ళీ లేచింది. ఆయన వచ్చారు. బంతి పడిపోయింది.

ఆవిడ నన్ను పచ్చిక మీద ఆన్చి ఆయన వైపు తిరిగారు.

"బావా, నాలో ఇంక తప్పు లేదు. తప్పు నీ నోట్లో ఉంది."

"నేనేటన్నాను? ఇప్పుడు నోరు కూడా తెరవలేదు!"

"తెరవక్కర్లేదు. నువ్వు పక్కన నిల్చుంటే చాలు, నా తల బిగిసిపోతోంది. ఎత్తీసావు అంటావేమోనని భుజాలు తిరగట్లేదు. కర్ర మధ్యలో ఆగిపోతోంది."

నాయుడు గారి ముఖం వాడిపోయింది. గురివింద గింజకి తన నలుపు ఎవరో చూపించినట్టయింది. బొండం గడ్డి మీద పెట్టి, తడబడుతూ చెప్పారు.

"నాకు అదొక్కటే తెలుసే ఇందూ. ఇంకేటి చెప్పాలో తెలీదు. పైగా… నువ్వు తలెత్తి చూసినప్పుడల్లా బంతి తోటలోకే పోయేది. నీ మొహం ఇంతయిపోయేది. అది చూళ్ళేక తల దించుకోమనీవోణ్ణి."

ఇందుమతి గారి కోపం ఎటుపోయిందో పోయింది. సంచీ జేబులోంచి చిన్న పొట్లం తీశారు. పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి బొంగురుపోయే గొంతుకి ఆవిడ కరక్కాయ వాడేవారు, ఆ అలవాటు ఇంకా ఉంది. ఒక ముక్క ఆయన చేతిలో పెట్టారు.

"పోటీ రోజు బుగ్గన పెట్టుకో. అయ్యేదాకా తియ్యొద్దు."

పోటీ రోజు వచ్చింది. జోడీల పోటీ అంటే భార్యాభర్తలిద్దరికీ ఒకటే బంతి. ఒకసారి ఈవిడ, ఒకసారి ఆయన. మొగుడు పొదలోకి కొడితే పెళ్ళాం పొదలోంచి తియ్యాలి. సంసారం కూడా అదే కదా, అందులో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమల్లా నాయుడు గారి మౌనం. క్లబ్బంతా ఆగి చూసింది. జడ్జి గారు క్యారమ్ బోర్డు వదిలి వచ్చి, "ఏం నాయుడు గారూ, పన్నునొప్పా?" అని అడిగారు. ఆయన ఉబ్బిన బుగ్గతో తల అడ్డంగా ఊపారు. కరక్కాయ వగరుకి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అయినా ఉమ్మలేదు. ఇంజను గదిలో వేడికి ఓర్చుకున్న మనిషి.

ఆట మాట చెప్పాలంటే గొప్పగా లేదు. కొన్ని బాగా కొట్టారు, కొన్ని పాడు చేశారు. ఆఖరి గుంత దగ్గరికి వచ్చేసరికి గెలిచే ఆశ లేదు. వంతు ఇందుమతి గారిది. ఎదురుగా గెడ్డ, వానలకి నిండుగా ఉంది. ఆవిడ నన్ను సంచీలోంచి తీశారు. పొద్దున్న నాయుడు గారే నా ముఖానికి పసుపు రాశారు.

ఇదే ఆఖరు అని ఆవిడ అన్న మాట మా ముగ్గురికీ గుర్తుంది. బంతి నీళ్ళలో పడితే ఆవిడ వంతెన మీద నడిచి, కర్ర సంచీలో పెట్టి, మళ్ళీ తియ్యరు. రేపటినుంచి ఆయన ఒక్కరే ఫ్లాస్కు పట్టుకుని రావాలి. నాయుడు గారు అలవాటుగా నిలబడే చోట నిలబడలేదు. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఆవిడ కంటికి ఆనని చోట, చేతులు కట్టుకుని నిలబడ్డారు. దవడ కదులుతోంది. మాట నాలిక చివరిదాకా వచ్చి కరక్కాయకి తట్టుకుని ఆగిపోతోంది.

ఆవిడ ఊపిరి వదిలారు. నేను పైకి లేచాను. భుజాలు తిరిగాయి, నడుము తిరిగింది, చెయ్యి ఒంటిని వదలకుండా లోపలినుంచే వచ్చింది. పట్నాయక్ గారు నన్ను గెడ్డలోకి విసిరిన నాటి హాయి మళ్ళీ నా ఒంట్లోకి వచ్చింది. బంతి నట్టనడుమ తగిలింది. నేను ఆగకుండా ఆవిడ ఎడమ భుజం మీదికి వెళ్ళి వాలాను.

కానీ ఇందుమతి గారు చూడలేదు. కొట్టిన మరుక్షణమే పాత అలవాటు కొద్దీ తల దించేసి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నీళ్ళ చప్పుడు కోసం ఎదురు చూస్తున్నారు.

వెనకాల "థూ" అని శబ్దం. కరక్కాయ వెళ్ళి గెడ్డలో పడింది.

"ఎత్తవే! తలెత్తవే ఇందూ! చూడవే!"

ఆవిడ తల ఎత్తారు. బంతి ఇంకా గాల్లోనే ఉంది. గెడ్డకి ఎంతో పైన, తెల్లగా, తిన్నగా, తొందర లేకుండా దిగుతోంది. రెండేళ్ళలో తన బంతి గెడ్డని దాటుతుంటే ఆవిడ చూడ్డం అదే మొదలు. అవతల పచ్చిక మీద పడి, మెత్తగా దొర్లి, గుంతకి మూరెడు దూరంలో ఆగింది. నన్ను రెండు చేతులా గుండెకి హత్తుకున్నారు. చీరకి పసుపంటింది.

ఇంక మిగిలింది నాయుడు గారి వంతు. మూరెడు దూరం. చంటిపిల్లాడు కాలితో తోసినా పడుతుంది. ఆయన తన పొట్టి కర్ర తీసి, వంగి, బంతిని తట్టబోతూ, ఆ క్షణంలో ఒక్కసారి పక్కనున్న భార్య ముఖం చూడాలనిపించి చూశారు. ఆ ముఖం వెలిగిపోతోంది మరి, ఎవరైనా చూస్తారు. బంతి గుంత అంచుని రాసుకుని అవతలికి పోయింది.

జడ్జి గారు ఈ కేసులోనూ తీర్పు వాయిదా వేశారు.

ఇందుమతి గారు దగ్గరికొచ్చి, ఆయన భుజం మీద చెయ్యేసి, ఎంతో నెమ్మదిగా అన్నారు.

"తల ఎత్తీసావు, బావా."

క్లబ్బంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నాయుడు గారే. చివరినుంచి రెండో స్థానం వచ్చింది వాళ్ళకి. కారు దగ్గర ఆయన డిక్కీ తెరిచి, నన్ను లోపల పెడుతూ, అడగలేక అడిగారు.

"రేపు మరి… నేను…"

"నువ్వేటి? మనం. పొద్దున్నే వెళ్దాం. కరక్కాయ మాత్రం మర్చిపోకు."

అది జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు నా ముఖం మీద గాళ్ళు అరిగిపోయాయి, బంతిని పట్టే శక్తి తగ్గింది. ఇలాంటివాళ్ళని పాత సామాన్ల గదికి పంపడం రివాజు. ఇందుమతి గారు పంపనివ్వలేదు. ఆదివారాలు ఆవిడ క్లబ్బుకి కొత్తగా వచ్చే ఆడవాళ్ళకి ఆట నేర్పుతున్నారు. వచ్చిన ప్రతి మనిషికీ ముందు పసుపు రాసిన నన్ను ఇచ్చి ఒక్క దెబ్బ కొట్టమంటారు. ఊళ్ళో ఆయుధపూజ ఏడాదికోసారి, నాకు వారం వారం. ఒకామె దోసె తిరగేసినట్టు కొడుతుంది, ఒకామె పిల్లల్ని బెదిరించినట్టు ఎత్తి ఆపేస్తుంది. వాళ్ళ బతుకులో చేతికి ఏ పని అలవాటో ఆ ముద్రే నా ముఖం మీద పడుతుంది. తప్పులని పేరే గానీ, చాలావరకు అవి ఎప్పుడో ఎక్కడో పనికొచ్చిన నేర్పులే. ఈ మాట నేను ఇందుమతి గారి దగ్గర నేర్చుకున్నాను.

మొన్న ఒకమ్మాయి కొట్టీ కొట్టగానే, బంతి ఎటుపోయిందో చూడకుండానే, బెదురుగా అడిగింది.

"తల ఎత్తేశానా మేడం?"

"ఎత్తమ్మా, ఎత్తు. చూడ్డానికి కాకపోతే కొట్టడం ఎందుకు?" అన్నారు ఆవిడ.

కాస్త అవతల బెంచీ మీద నాయుడు గారు ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఏదో చెప్పాలని ఆయనకి మహా ఆత్రంగా ఉంది. బుగ్గ ఉబ్బి ఉంది.